సగం సామర్థ్యం, పావు కరెంటు: మన వాతావరణ లక్ష్యాల లెక్క

2025 జూన్ 30 నాటికి దేశంలో విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యం సుమారు 485 గిగావాట్లు. అందులో బొగ్గు, గ్యాస్, డీజిల్‌తో పనిలేనివి 243 గిగావాట్ల దాకా ఉన్నాయి. సౌర, పవన, జల, అణు, జీవ ఇంధన కేంద్రాలన్నీ కలిపిన లెక్క ఇది. పారిస్ ఒప్పందం కింద 2030కల్లా చేరతామని మాటిచ్చిన 50 శాతం గీతను ఐదేళ్లు ముందే దాటేశాం. మెచ్చుకోవాల్సిన సంగతే. కానీ మన ఇళ్లకు, ఫ్యాక్టరీలకు, బోర్లకు వచ్చే కరెంటులో ఈ కేంద్రాల వాటా పావు వంతు దగ్గరే ఉంది. మిగతాది దాదాపు అంతా బొగ్గుదే. రెండు అంకెలూ నిజమే. ఒకటి గిగావాట్లలో, అంటే ఎంత ఇవ్వగలదో చెప్పింది, ఇంకొకటి యూనిట్లలో, అంటే నిజంగా ఎంత ఇచ్చిందో చెప్పింది, అంతే తేడా.

లెక్క వేసి చూద్దాం. 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఏడాది పొడవునా సగటున తన సామర్థ్యంలో 22 శాతం ఇస్తుందనుకుంటే వచ్చేది సుమారు 193 కోట్ల యూనిట్లు. అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రం 70 శాతం లోడుతో నడిస్తే 613 కోట్ల యూనిట్లు. అంటే ఒక బొగ్గు మెగావాటు ఇచ్చేంత కరెంటు రావాలంటే మూడుకు పైగా సౌర మెగావాట్లు పెట్టాలి. అందుకే వాతావరణం గురించి ఏ దేశం ఏ లక్ష్యం ప్రకటించినా నేను ముందు శాతాన్ని చూడను, దేనిలో శాతమో చూస్తాను. మన దేశం విషయంలో ఈ అలవాటు మరీ అవసరం. ఎందుకంటే వేదిక మీద చెప్పినదీ, ఐక్యరాజ్య సమితికి రాసిచ్చినదీ అన్నిచోట్లా ఒకటి కాదు.

2021 నవంబరు 1న గ్లాస్గోలో, ఏటా జరిగే ఐరాస వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ పంచామృతం పేరిట అయిదు మాటలు చెప్పారు. 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, గ్యాస్, చమురు కాని) సామర్థ్యం, ఇంధన అవసరాల్లో సగం పునరుత్పాదక వనరుల నుంచి, అంచనా ఉద్గారాల్లో 100 కోట్ల టన్నుల కోత, జీడీపీతో పోల్చిన ఉద్గార తీవ్రతలో 45 శాతం తగ్గింపు, 2070 నాటికి నికర సున్నా, అంటే వదిలినంత ఉద్గారాన్నీ తిరిగి పట్టేయడం. తొమ్మిది నెలల తర్వాత, 2022 ఆగస్టులో సమర్పించిన అధికారిక పత్రంలో ఈ అయిదింటిలో 2030కి అంకెలతో చేరినవి రెండే. ఉద్గార తీవ్రతలో 45 శాతం తగ్గింపు, స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో 50 శాతం శిలాజేతరం. 'ఇంధన అవసరాలు' కాస్తా 'విద్యుత్ సామర్థ్యం' అయింది. ఈ మార్పు చాలా పెద్దది. ఇంధనమంటే లారీల డీజిలు, వంటగ్యాసు, ఇటుక బట్టీల బొగ్గు, ఉక్కు కొలుముల కోక్ అన్నీ వస్తాయి. విద్యుత్ అందులో ఒక భాగం మాత్రమే. 500 గిగావాట్లు, 100 కోట్ల టన్నులు ఆ పత్రంలోకి ఎక్కనే లేదు. 500 గిగావాట్లు దేశీయ విధానంగా నడుస్తోంది, అంతర్జాతీయంగా మనల్ని నిలదీసే హామీ కాదు.

ఆ పత్రంలో ఇంకో వాక్యం ఉంది. సామర్థ్య లక్ష్యాన్ని సాంకేతిక బదిలీ, హరిత వాతావరణ నిధి సహా చౌక అంతర్జాతీయ ఆర్థిక సాయంతో చేరతామని అందులో రాశారు. మన విదేశాంగ విధానంలో వాతావరణం తాలూకు సగం పోరాటం ఈ వాక్యం చుట్టూనే తిరుగుతుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఉద్గార తీవ్రత లక్ష్యం విడిగా అర్థం చేసుకోవాల్సినది. రూపాయి జీడీపీకి ఎంత ఉద్గారం అన్నది కొలత, మొత్తం ఉద్గారం కాదు. 2005తో పోలిస్తే జీడీపీ నాలుగింతలైందనుకోండి. తీవ్రత 45 శాతం తగ్గితే మిగిలేది 0.55. నాలుగుతో గుణిస్తే 2.2. అంటే లక్ష్యం పూర్తిగా చేరినా మొత్తం ఉద్గారాలు 2005 నాటికన్నా రెండింతలు దాటి ఉండొచ్చు. ఇందులో మోసమేమీ లేదు. తలసరి ఉద్గారం ప్రపంచ సగటులో సగానికి లోపే ఉన్న దేశం, ఇంకా కోట్లమందికి ఫ్రిజ్, ఫ్యాను, పక్కా ఇల్లు సమకూర్చుకోవాల్సిన దేశం ఈ కొలతను ఎంచుకోవడం న్యాయమైన పనే. ఇప్పటిదాకా లెక్క బాగానే ఉంది కూడా. 2024 డిసెంబరులో మన ప్రభుత్వం ఐరాసకు ఇచ్చిన నివేదిక ప్రకారం 2005 నుంచి 2020 మధ్య తీవ్రత 36 శాతం తగ్గింది. 2020లో అడవులు, భూ వినియోగం మినహా మొత్తం ఉద్గారాలు 295.9 కోట్ల టన్నులు. అందులో ముప్పావు వంతు ఇంధన రంగానిది, 14 శాతం దాకా వ్యవసాయానిది. అయితే మొత్తం ఉద్గారాలు ఏ ఏడాదిలో గరిష్ఠానికి చేరి దిగడం మొదలవుతాయో మనం ఎక్కడా రాసివ్వలేదు. 2070 ఉంది గానీ దానికి ముందు మలుపు ఏ సంవత్సరమో లేదు. నా దృష్టిలో మన లక్ష్యాల్లో అసలు లోటు ఇదే. మలుపు తేదీ తెలియకపోతే ఈ రోజు కట్టే బొగ్గు కేంద్రం నలభై ఏళ్లు నడుస్తుందా, ఇరవైకే మూతపడుతుందా అన్నది దానికి అప్పిచ్చే బ్యాంకుకు కూడా తెలియదు.

అడవుల లక్ష్యం మరీ చిత్రమైనది. అడవులు, చెట్ల ద్వారా 2030కల్లా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అదనంగా పట్టి ఉంచుతామన్నాం. మన అటవీ సర్వే లెక్కలో అడవి విస్తీర్ణమంటే, హెక్టారుకు తగ్గకుండా ఉండి నేల మీద 10 శాతమైనా కొమ్మల నీడ పడే ప్రతి ముక్కా. భూమి ఎవరిదన్నది, చెట్టు ఏ జాతిదన్నది చూడరు. ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క సుమారు 23.5 మీటర్ల చదరం. అందులో నల్లమల అడవీ పచ్చగానే కనిపిస్తుంది, ప్రకాశం జిల్లా సుబాబుల్ తోటా పచ్చగానే కనిపిస్తుంది, ఖమ్మం జామాయిలూ అంతే. పేపరు మిల్లుకు నాలుగైదేళ్లకోసారి నరికి తోలే తోట కూడా అడవి అంకెలోకి వచ్చేస్తుంది. ఆ తోట రైతుకు అవసరం, దానికి వంక పెట్టడం లేదు. నరికిన కట్టె కాగితమై, కొన్నాళ్లకు చెత్తయి, మళ్లీ గాలిలో కలిసే కర్బనాన్ని, వందేళ్లు నిలిచే అడవి కర్బనాన్ని ఒకే గాటన కట్టడమే తప్పు.

ఇక అసలు చిక్కు సాయంత్రం ఏడు గంటలది. 2024 మే 30న దేశ విద్యుత్ డిమాండు 250 గిగావాట్లకు చేరింది. మధ్యాహ్నమైతే సోలార్ ఆదుకుంటుంది. పొద్దుగూకిందంటే అది సున్నాకు పడుతుంది, అదే సమయంలో ఇళ్లలో దీపాలు, ఏసీలు, పొయ్యిలు వెలుగుతాయి. ఆ గంటల్లో కావాల్సిన బొగ్గు యూనిట్లను (కేంద్రంలో కరెంటు పుట్టించే ఒక్కో యంత్రాన్నీ యూనిట్ అనే అంటారు) మధ్యాహ్నం ఆపేయడానికి వీల్లేదు. ఆపేస్తే బాయిలరు చల్లారిపోతుంది, మళ్లీ వేడెక్కి గ్రిడ్డుకు రావడానికి గంటలు పడుతుంది. అందుకని తక్కువ లోడు మీద ఊపిరి నిలిపి ఉంచుతారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు 55 శాతం దాకా దిగగలగాలి, దశలవారీగా 40 శాతానికి రావాలి. 500 మెగావాట్ల యూనిట్ అయితే 275, ఆ తర్వాత 200 మెగావాట్లు. పైకెక్కే వేగం 70 శాతం పైన నిమిషానికి 3 శాతం, 55 నుంచి 70 మధ్య 2 శాతం, 40 నుంచి 55 మధ్య 1 శాతం. కాగితం మీద 275 నుంచి 500కు పద్దెనిమిది నిమిషాల లోపే చేరాలి.

కంట్రోల్ రూములో అది అంత తేలిగ్గా జరగదు. లోడు తగ్గిస్తే కొలిమిలో మంట నిలకడ తప్పుతుంది, దాన్ని నిలబెట్టడానికి ఆయిల్ కాల్చాల్సి వస్తుంది. రోజూ వేడెక్కి చల్లబడుతుంటే గొట్టాల మందపాటి అతుకుల దగ్గర పగుళ్లు మొదలవుతాయి, ట్యూబ్ లీకేజీతో యూనిట్ ఆగిపోయే రోజులు పెరుగుతాయి. తక్కువ లోడులో ఒక్కో యూనిట్ కరెంటుకు కాలే బొగ్గు కూడా ఎక్కువే. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుతో ఈ కష్టాలన్నీ రెట్టింపు. ఈ ఖర్చును ఎవరు భరించాలన్నది తేలకుండా నిబంధన ఒక్కటే పెడితే, యాజమాన్యాలు దాన్ని వీలైనంత వాయిదా వేస్తాయి. బొగ్గు దిగనంటే గ్రిడ్డు నడిపేవాళ్లు మధ్యాహ్నం సోలార్‌నే తగ్గించమంటారు.

లైన్ల సంగతి మరొకటి. సోలార్ పార్కు ఏడాది, ఏడాదిన్నరలో లేస్తుంది. దాని కరెంటును మోసే 400, 765 కిలోవోల్టుల లైనుకు సర్వే, దారి హక్కులు, అటవీ అనుమతులు, టవర్లు అన్నీ కలిపి అంతకు రెట్టింపు పైనే పడుతుంది. రాజస్థాన్‌లో అంతరించిపోతున్న బట్టమేక పిట్ట తీగలకు తగిలి చావకుండా లైన్లను భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరిస్తూ, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణల్లో భాగమని చెప్పింది. ఆ తీర్పును మన లాయర్లు ఇంకా సరిగా వాడుకోలేదనిపిస్తుంది. పార్కు, లైను రెండూ ఉన్నా కొనేవాడు లేకపోతే పని కాదు. 2025లో టెండర్లు పూర్తయి కూడా డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కొనుగోలు ఒప్పందం చేసుకోని పునరుత్పాదక సామర్థ్యం 40 గిగావాట్లు దాటింది. డిస్కంలను తప్పుపట్టలేం. మధ్యాహ్నం వాటికి కరెంటు మిగులు, రాత్రి కొరత. మధ్యాహ్నపు కరెంటే ఇంకా కొనమంటే ఎందుకు కొంటాయి?

ఈ చిక్కుకు చౌకైన మందు మన పొలాల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లను (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైన్లను) విడదీసి పగటిపూటే తొమ్మిది గంటలు ఇవ్వడమంటే, బ్యాటరీ లేకుండానే రాత్రి లోడును పగటికి జరపడం. నీళ్లు పొలంలో నిలవ ఉంటాయి, కరెంటును నిలవ చేయనక్కర్లేదు. దీనికి సబ్‌స్టేషన్ పక్కనే రెండు నుంచి అయిదు మెగావాట్ల సోలార్ ప్లాంటు పెడితే దూరం నుంచి మోసుకొచ్చే నష్టం కూడా తగ్గుతుంది. అయితే రెండు చోట్ల దెబ్బతింటుంది. ఒకటి, మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మోటారు లేచే క్షణంలో నడిచేటప్పటికన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. ఫీడర్లను గ్రూపులుగా చేసి వంతుల వారీగా ఇస్తే ఇది చాలావరకు తప్పుతుంది. రెండోది, ఫీడరు ట్రిప్ అయితే ప్లాంటులో సోలార్ కరెంటును లైనుకు ఎక్కించే ఇన్వర్టర్లు కూడా ఆగిపోతాయి. లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన రక్షణ అది, తీసేయకూడదు. కాబట్టి పాత 11 కేవీ లైన్లను బాగుచేయకుండా ప్లాంటు పెడితే పగలు ఎండ కాస్తున్నా యూనిట్లు రావు.

నిలవ కోసం పంప్డ్ స్టోరేజీ, అంటే మిగులు కరెంటుతో నీటిని పైకి ఎత్తి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం, మనకు కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు నీటిని వెనక్కి ఎత్తిపోయగల రివర్సిబుల్ రకమే. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల ప్రాజెక్టు నదికి దూరంగా, ఒకసారి నింపిన నీటినే పైకీ కిందికీ తిప్పే పద్ధతిలో కట్టారు. పగటి సోలార్‌తో నీళ్లు పైకి, రాత్రి ఆరు గంటల పాటు కిందికి. వంద యూనిట్లు పెట్టి ఎత్తితే తిరిగి వచ్చేది 75 నుంచి 80. ఈ నష్టాన్ని కలుపుకొని ధర కట్టకుండా సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలేనని చెప్పే వార్తలు అర్ధసత్యాలు.

ఇదంతా తెలిస్తే గ్లాస్గోలో మనవాళ్లు బొగ్గు విషయంలో 'దశలవారీగా తొలగింపు' అన్న మాటను 'దశలవారీగా తగ్గింపు'గా ఎందుకు మార్పించారో అర్థమవుతుంది. అమెరికా దగ్గర గ్యాసు ఉంది, గల్ఫ్ దేశాల దగ్గర చమురు ఉంది, మన దగ్గర ఉన్నది బొగ్గు. ఒక్క బొగ్గునే దోషిగా నిలబెడితే భారం పేద దేశం మీదే పడుతుందన్న వాదనలో బలముంది. మరుసటి ఏడాది ఈజిప్టు సదస్సులో శిలాజ ఇంధనాలన్నిటినీ తగ్గించాలని మనమే అడిగాం, చమురు దేశాలు పడనివ్వలేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 ప్రకటనలో పునరుత్పాదక సామర్థ్యాన్ని మూడింతలు చేయాలన్న మాట రాయించింది మన అధ్యక్షతే. అదే ఏడాది దుబాయ్ సదస్సులో వందకు పైగా దేశాలు అదే లక్ష్యంతో చేసిన ప్రతిజ్ఞ మీద మాత్రం మనం సంతకం పెట్టలేదు, అందులో బొగ్గు తగ్గింపు మాటలు కూడా ఉన్నందుకు. దక్షిణాఫ్రికా, ఇండోనేషియా, వియత్నాం ఒప్పుకున్న, ధనిక దేశాల డబ్బుతో బొగ్గు నుంచి బయటపడే పరివర్తన భాగస్వామ్యాలకూ మనం దూరంగానే ఉన్నాం. వాటిలో అత్యధిక భాగం అప్పే, దానం కాదు. సింగరేణిలో సుమారు నలభై వేల మంది కార్మికులున్నారు. వాళ్ల తర్వాతి జీవనోపాధిని డాలరు అప్పు తెచ్చి నిలబెట్టడం తెలివైన పని కాదు, ఈ విషయంలో ప్రభుత్వం చేసింది సరైనదే.

డబ్బు ఎందుకంత పెద్ద విషయమో చూపిస్తాను. ఒక మెగావాట్ సోలార్‌కు నాలుగు కోట్లు ఖర్చు, అందులో 70 శాతం, అంటే 2.8 కోట్లు అప్పు అనుకుందాం. ఏడాదికి వచ్చేది 19.27 లక్షల యూనిట్లు. వడ్డీ 9 శాతానికి బదులు 5 శాతమైతే మొదటి ఏడాదే 11.2 లక్షలు మిగులుతుంది. యూనిట్‌కు 58 పైసలు. ఎండ ఇక్కడా జర్మనీలోనూ ఉచితమే, పైగా మనకే ఎక్కువ. ఖరీదు అప్పుది. నిలవ, లైన్లు, బొగ్గు యూనిట్ల మార్పులు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. అందుకే 2024 నవంబరులో బాకు సదస్సులో 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్ డాలర్ల వాతావరణ సాయం లక్ష్యాన్ని సుత్తి కొట్టి ఖాయం చేశాక కూడా మన ప్రతినిధి లేచి గట్టిగా అభ్యంతరం చెప్పారు. అభివృద్ధి చెందుతున్న దేశాలు అడిగింది 1.3 ట్రిలియన్లు. పైగా ఆ 300లో ప్రైవేటు పెట్టుబడినీ కలుపుకోవచ్చట. లాభం కోసం వచ్చే పెట్టుబడిని సాయం ఖాతాలో రాయడాన్ని ఒప్పుకోకపోవడమే న్యాయం.

ఇప్పుడు విదేశాంగం నేరుగా మన ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్ మీద వేసే ఐరోపా సమాఖ్య సరిహద్దు కార్బన్ పన్ను 2023 అక్టోబరు నుంచి లెక్కలు అప్పగించే దశలో ఉండి, 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్ దాని పరిధిలో ఉన్నాయి. మొదట్లో భారం కొద్దిగానే ఉంటుంది, 2034కు పూర్తిస్థాయికి చేరుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కుకు టన్నుకు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ అనుకుని, కార్బన్ ధర టన్నుకు 70 యూరోలనుకుంటే, పూర్తి భారం టన్ను ఉక్కుకు 175 యూరోలు. పెద్ద కంపెనీలు దీనికి సిద్ధమవుతున్నాయి. బోల్టులు, నట్లు ఎగుమతి చేసే చిన్న యూనిట్లకే అసలు గండం, ఎందుకంటే అవీ జాబితాలో ఉన్నాయి. వాటికి ఉక్కు అమ్మినవాడి దగ్గరే ఉద్గారాల లెక్క ఉండదు. ధ్రువీకరించిన లెక్క చూపలేకపోతే ఐరోపా తన సొంత అంకె వేస్తుంది, అది సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి ఎగుమతిదారు ఈ రోజు చేయాల్సింది ఒకటే. ఉక్కు కొనే ఆర్డరులోనే హీట్ నంబరుతో (ఆ ఉక్కు ఏ విడతలో కరిగి తయారైందో చెప్పే సంఖ్యతో) పాటు ఉద్గారాల పత్రం కూడా ఇవ్వాలన్న షరతు రాయించుకోవాలి.

మూలదేశంలో ఇప్పటికే కట్టిన కార్బన్ ధరను ఐరోపా మినహాయిస్తుంది. అందుకే మన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం, 2022 ఇంధన పొదుపు సవరణ చట్టం కింద 2023 జూన్‌లో నోటిఫై చేసినది, కీలకం. అయితే అందులోనూ లక్ష్యం తీవ్రతే. టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారం అని గీత గీస్తారు, దాన్ని దాటిన కొద్దిపాటికే, టన్ను ఉద్గారానికి ఒకటి చొప్పున, క్రెడిట్లు కొనాలి. రెండున్నర టన్నుల్లో 0.1 టన్ను గీత దాటితే, క్రెడిట్ వెయ్యి రూపాయలైనా కంపెనీ కట్టేది ఉక్కు టన్నుకు వంద రూపాయలే. మినహాయింపూ అంతే వస్తుంది, మిగతా డబ్బు ఐరోపా సమాఖ్య ఖజానాకు పోతుంది. బొగ్గు టన్నుకు 400 రూపాయల సెస్సు మనకు ఒకప్పుడు ఉండేది. 2010లో స్వచ్ఛ ఇంధనం పేరుతో 50 రూపాయలతో మొదలైంది, 2017లో జీఎస్టీ పరిహార సెస్సుగా మారింది, 2025 సెప్టెంబరులో జీఎస్టీని 18 శాతానికి పెంచి సెస్సు ఎత్తేశారు. దాన్ని కార్బన్ ధరగా నిలబెట్టి ఉంటే బేరమాడటానికి ఒక ఆధారం మిగిలేది.

సొంతంగా మనం నిలబెట్టిన సంస్థల్లో అంతర్జాతీయ సౌర కూటమి 2015లో పారిస్‌లో మొదలై గురుగ్రామ్ నుంచి పనిచేస్తోంది. విపత్తులకు తట్టుకునే మౌలిక వసతుల కూటమి 2019లో వచ్చింది. రెండోదాన్ని నేను ఎక్కువ మెచ్చుకుంటాను. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ విద్యుత్ స్తంభాలను కూల్చాక నగరంలో భూగర్భ కేబుళ్లు వేసిన అనుభవం లాంటిది మనం ఇతర దేశాలకు చెప్పగలిగిన విద్య.

ఎగుమతి ఆశలన్నీ ఇప్పుడు గ్రీన్ హైడ్రోజన్ మీద, అంటే హరిత విద్యుత్‌తో నీటి నుంచి విడగొట్టే హైడ్రోజన్ మీద ఉన్నాయి. 2023 జనవరిలో 19,744 కోట్లతో జాతీయ మిషన్ వచ్చింది, 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 యూనిట్లు పడతాయి కాబట్టి అందుకు సుమారు 25,000 కోట్ల యూనిట్లు కావాలి. 2025 జనవరిలో పూడిమడక హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది, కాకినాడలో ఈ హైడ్రోజన్‌తో చేసే అమ్మోనియా ప్రాజెక్టు వస్తోంది. ఐరోపా ప్రస్తుత నియమాల ప్రకారం 2029 చివరి దాకా హైడ్రోజన్‌కు వాడిన హరిత విద్యుత్ లెక్కను నెలవారీగా చూపితే చాలు. 2030 నుంచి గంట గంటకూ చూపాలి. అంటే రాత్రి తొమ్మిదింటికి ఎలక్ట్రోలైజర్ (నీటిని విడగొట్టే యంత్రం) నడిస్తే ఆ గంటలో ఏ గాలిమర, ఏ పంప్డ్ స్టోరేజీ ఆ కరెంటు ఇచ్చిందో మీటరు రీడింగుతో నిరూపించాలి. పగటి సోలార్ ఒక్కటే నమ్ముకున్న ప్లాంటు రోజులో ఆరేడు గంటలే నడిచి, మిగతా గంటలు యంత్రాల మీది వడ్డీ కడుతూ కూర్చుంటుంది.